మేకు కొట్టే ముందు

పొలంలో సొంతంగా గది కట్టుకున్నవాళ్ళ డబ్బు ఎక్కువగా పాడయ్యేది గోడలు లేచాకే. పునాది దగ్గర ఎవరూ సరదాలకు పోరు. ఎంత లోతు తవ్వాలో నేల చెబుతుంది, లింటెల్ ఎక్కడ పడాలో మేస్త్రి చెబుతాడు, రేకు వాలు ఎంతుండాలో వాన చెబుతుంది. రేకులు పడి తలుపుకు గొళ్ళెం బిగిసిన రోజు నుంచీ చెప్పేవాళ్ళుండరు. మనమూ మన ఫోనూ మిగులుతాం. ఆ ఫోన్లో నార్వే నుంచి న్యూజిలాండ్ దాకా ఉన్న చిన్నచిన్న గదుల బొమ్మలన్నీ ఉంటాయి. గోడలంతా చెక్క, అటక మీద పరుపు, కిటికీ పక్కన ఉన్ని దుప్పటి పరిచిన బల్ల. చూసి చూసి ఏదో ఒక రాత్రి ఆర్డర్ పెట్టేస్తాం.

ఆ అటక మీది పరుపు సంగతే తీసుకోండి. మంచు కురిసే దేశాల్లో పొయ్యి వేడి పైకి పోతుంది కాబట్టి మనిషి కూడా దాని వెంటే పైకెక్కి పడుకుంటాడు. అక్కడ అది తెలివైన పని. మన దగ్గర మే నెలలో రేకుకు రెండడుగుల కింద పడుకుంటే తెల్లారేసరికి వడియంలా ఎండిపోతాం. బొమ్మ ఎక్కడిదో, ఆ ఊళ్ళో ఎండ ఎలా ఉంటుందో బొమ్మలో ఉండదు.

ఈ అధ్యాయం కోసం ఒక గది అనుకుందాం. లోపల 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పైన రేకులు, ఒక తలుపు, రెండు కిటికీలు. స్నానాలగది బయట. శని ఆదివారాలు వచ్చి ఉండడానికో, ఉద్యోగం అయిపోయాక సగం రోజులు గడపడానికో కట్టుకున్నది. ఇటుక మేస్త్రి పెట్టినా, నీళ్ళు కొట్టింది మీరు, రంపం పట్టింది మీరు. ఇప్పుడు లోపలి పని మొదలుపెట్టాలి.

మొదలుపెట్టకండి. ముందు అందులో ఉండండి.

ముందు కాపురం

అమెరికాలోని మసాచుసెట్స్‌లో హెన్రీ డేవిడ్ థోరో వాల్డెన్ చెరువు ఒడ్డున తాను కట్టుకున్న గదిలో చేరింది 1845 జులై 4న. అప్పటికి లోపలి గోడలకు పూత లేదు, పొగగొట్టం లేదు. చెక్కల సందుల్లోంచి గాలి దూరేది. వంట ఆరుబయట నేల మీద చేసుకునేవాడు. చలికాలం రాబోతుండగా పొగగొట్టం కట్టాడు, గడ్డకట్టే చలి మొదలయ్యాక గోడలకు పూత పూశాడు. ఏ పని ఎప్పుడు అవసరమో రుతువు చెప్పేదాకా ఆగాడన్నమాట. ఆయన గది మన గది కంటే చిన్నది, 10 అడుగులకు 15. ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. పద్దు మొత్తం రాసి పెట్టాడు. పాత కిటికీలు రెండు అద్దాలతో సహా 2 డాలర్ల 43 సెంట్లు, పాత ఇటుకలు వెయ్యి 4 డాలర్లు, మేకులు 3 డాలర్ల 90 సెంట్లు, తలుపు గడియ 10 సెంట్లు, సుద్ద ఒక సెంటు.

ఆ పద్దులో నాకు నచ్చేది సుద్ద. మీరు కూడా లోపలి పనికి మొదట కొనవలసింది అదే.

ఒక నులక మంచం, నీళ్ళ కుండ, చిన్న స్టవ్వు, ఒక బల్బు, రెండు గిన్నెలు తీసుకెళ్ళి గదిలో పడుకోండి. ఒక్క రాత్రి చాలదు. ఎండాకాలంలో కొన్ని రాత్రులు, ముసురు పట్టినప్పుడు కొన్ని, వీలైతే సంక్రాంతి చలిలో కొన్ని. లోపలికి రాగానే తువ్వాలు ఎక్కడ వేద్దామని చెయ్యి చాస్తున్నారో ఆ గోడ మీద సుద్దతో గీత గీయండి. అక్కడ కొక్కెం రావాలి. జల్లు కిటికీలోంచి ఎంత దూరం కొడుతోందో నేల మీద గీయండి. ఆ గీతకు కిటికీ వైపు చెక్క సామాను పెట్టకూడదు. తెలంగాణలో, రాయలసీమలో ఎక్కువ వాన నైరుతి వైపు నుంచి వస్తుంది. కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను గాలి తూర్పు నుంచి కూడా కొడుతుంది. ఏ గోడ ముందు చెమ్మగిల్లుతుందో పుస్తకాలు చూసి చెప్పలేం. పొద్దున్నే కళ్ళ మీద ఎండ పడి మెలకువ వస్తే మంచం తిప్పి చూడండి. మంచం ఊరికే తిరుగుతుంది, గోడకు బిగించిన మంచం తిరగదు.

ఇన్నాళ్ళు ఆగితే మేస్త్రీ రేటు పెరుగుతుందని ఇంట్లోవాళ్ళు అంటారు. పెరుగుతుంది, నిజమే. తప్పుచోట బిగించింది పీకించడానికి అదే మేస్త్రీని పిలిచినప్పుడు ఇంకా పెరుగుతుంది.

ఒంటి కొలతలు

"అమ్మా, గట్టు ఎంత ఎత్తు పెట్టమంటారు?"

"మామూలుగా అందరికీ ఎంత పెడతారో అంతే పెట్టండి."

వంట గట్టు దగ్గర ఈ రెండు మాటలు జరగని ఇల్లు ఉండదు. ఆ మామూలు ఎవరి నడుము చూసి పెట్టిన మామూలో ఎవరూ అడగరు. తర్వాత ఇరవై ఏళ్ళు వంగి కూరలు తరుగుతారు.

చండీగఢ్ నగరానికి రూపమిచ్చిన లె కార్బూజియే తనకోసం ఫ్రాన్స్ దక్షిణ తీరాన, రోక్‌బ్రూన్-కాప్-మార్టిన్‌లో 1952లో ఒక చెక్క గది కట్టించుకున్నాడు. 3.66 మీటర్లకు 3.66, అంటే 12 అడుగుల చదరం. ఎత్తు 2.26 మీటర్లు. ఈ అంకెలు గాల్లోంచి రాలేదు. 1.83 మీటర్ల మనిషిని కొలతగా తీసుకుని ఆయన ఒక లెక్క తయారుచేసుకున్నాడు. ఆ మనిషి చెయ్యి పైకెత్తితే 2.26 మీటర్లు. గది వెడల్పు సరిగ్గా ఆ మనిషికి రెండింతలు. లోపల మంచం, బల్ల, అర, చేతులు కడుక్కునే తొట్టి, అన్నీ ఆ లెక్కలోనే అమిరాయి. వంటగది మాత్రం లేదు, పక్కనే ఉన్న హోటల్లో తినేవాడు. మహానగరాలు గీసిన మనిషి తనకు అంత చాలనుకున్నాడు. ఆ గదీ చండీగఢ్‌లోని ఆయన కట్టడాలూ 2016లో ఒకే జాబితా కింద యునెస్కో వారసత్వ సంపదలో చేరాయి.

ఆయన పద్ధతి తీసుకోండి, అంకెలు తీసుకోకండి. 1.83 మీటర్లంటే ఆరడుగులు. మన ఇళ్ళలో వంట చేసేవాళ్ళు చాలామంది అయిదడుగుల చిల్లర. పైగా ఏడున్నర అడుగులైనా లేని కప్పు కింద ఫ్యాను పెట్టలేం. ఫ్యాను రెక్కకూ నేలకూ మధ్య కనీసం 8 అడుగులుండాలి, లేకపోతే చొక్కా తొడుక్కుంటూ చేతులెత్తినవాడికి వేళ్ళు మిగలవు.

మన పెద్దవాళ్ళకు జానెడు, బెత్తెడు, మూర, బార ఉండేవి. గది లోపలి పనికి ఇప్పటికీ అవే సరిపోతాయి. చెప్పులు వేసుకుని నిలబడి మోచెయ్యి మడవండి. మోచేతికి రెండు బెత్తెల కిందికి వంట గట్టు పై అంచు రావాలి. అయిదడుగుల మనిషికి అది 32 అంగుళాల దగ్గర వస్తుంది, అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషికి 36 దగ్గర. ఇద్దరూ వండుతారా? ఎక్కువసేపు తరిగేవాళ్ళ కొలత పెట్టండి. రోజూ వాడే అర కంటికీ నడుముకూ మధ్య ఉండాలి. దాని పైన ఉండేవన్నీ పండగ సామాన్లు. అద్దం ఇంట్లో అందరికంటే పొట్టివాళ్ళకు గడ్డం దాకా కనబడేట్టు తగిలించండి. స్విచ్ బోర్డు చీకట్లో తలుపు తీసి లోపలికి వచ్చినవాడి చెయ్యి వెతుక్కోకుండా తగిలేచోట ఉండాలి. ఆ చోటు మీకు తెలియాలంటే మళ్ళీ చీకట్లో తలుపు తీసి చూడడమే.

కప్పు కింద

రేకుల గదిలో ఎండాకాలం ఓడిపోతే మిగతా అలంకారం అంతా దండగ. ముందు ఏం జరుగుతోందో చూడండి. ఎండకు రేకు కాలుతుంది. కాలిన రేకు గదిలోని గాలిని వేడెక్కించడమే గాక, నిప్పుల ముందు కూర్చున్నప్పుడు సెగ తగిలినట్టు నేరుగా మన ఒంటి మీదికి వేడిని పంపుతుంది. ఫ్యాను గాలిని కదపగలదు గాని ఆ సెగను ఆపలేదు. అందుకే మధ్యాహ్నం రేకుల గదిలో ఫ్యాను అయిదులో తిరుగుతున్నా నెత్తి మాడుతుంది.

బయట నుంచి మొదలుపెట్టాలి. మార్చిలోపు రేకు మీద తెల్లపూత పడాలి. సున్నంలో ఫెవికాల్ కలిపి కొట్టుకునే పద్ధతి మన ఊళ్ళల్లో చాలాచోట్ల ఉంది. చౌక, ఏటా మళ్ళీ కొట్టుకోవాలి. కూల్ రూఫ్ పెయింటు ఖరీదు, ఎక్కువ ఏళ్ళు ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది కూడా ఈ సూత్రం మీదే. తెల్లకప్పు ఎండను తిప్పికొడుతుంది, లోపలికి వచ్చే వేడి తగ్గుతుంది.

తర్వాత లోపల. రేకుకు కనీసం జానెడు కింద వెదురు తడకల కప్పు ఒకటి వేయండి. దాని పని సెగకు అడ్డుపడడం. అయితే రేకుకూ తడకకూ మధ్య చిక్కుకున్న వేడిగాలికి దారి కావాలి. రెండు చివరి గోడల్లో, రేకు ఎత్తుగా ఉన్నచోట ఎదురెదురుగా రెండు రంధ్రాలు వదలండి. అవి లేకుండా వేసిన తడక పగటి వేడిని రాత్రికి దాచిపెడుతుంది. రంధ్రాలకు ఇనుప జల్లెడ బిగించకపోతే ఆ ఖాళీలో ఉడతలు, ఎలుకలు, వాటి కోసం పాములు కాపురం పెడతాయి. కొందరు థర్మోకోల్ షీట్లు వేస్తారు. తేలిక, చౌక. ఎలుక కొరుకుతుంది, నిప్పంటుకుంటే కరిగి కాలే చుక్కలు మీద పడతాయి, విషపు పొగ వస్తుంది. వంట చేసుకునే గదిలో వద్దు.

మీది సిమెంటు రేకైతే ఒక జాగ్రత్త. అందులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తర్వాత కూడా జబ్బు చేస్తుంది. ఫ్యాను కొక్కేనికో తడక కట్టడానికో ఆ రేకుకు రంధ్రాలు కొట్టకండి. కర్ర దూలానికో ఇనుప గొట్టానికో కట్టుకోండి. తప్పదంటే నీళ్ళతో తడిపి, చేతి డ్రిల్లుతో నెమ్మదిగా, మాస్కు పెట్టుకుని.

కనబడని పనులు

బయటికి కనబడని పనులే ముందు చేయాలి. కనబడేవి ముందు చేస్తే వీటికోసం మళ్ళీ వాటిని పగలగొట్టాలి. ఇది అందరికీ తెలుసు, అయినా రంగు డబ్బా ముందు కొంటారు.

కరెంటు. బోరు మోటారు కోసం ఇచ్చిన వ్యవసాయ కనెక్షన్‌లోంచి గదికి తీగ లాగడం ఊళ్ళో అందరూ చేస్తున్నదే కావచ్చు, చట్టం దృష్టిలో మాత్రం అది అనధికార వాడకం. ఇంటి మీటరు విడిగా పెట్టించుకోండి. లైట్లకూ ఫ్యానుకూ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ప్లగ్గులకు 2.5, ఏసీయో గీజరో పెట్టే ఉద్దేశం ఉంటే దానికి విడిగా 4. ఎర్తింగ్ గుంత ఉండి తీరాలి. ఆపైన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఎంసీబీ తీగను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. పొలంలో తడికాళ్ళతో లోపలికి వచ్చి స్విచ్చు వేసే గదికి ఇదే ముఖ్యం. గోడ చెక్కి గాడిలో పైపులు పాతే బదులు గోడ మీదే పీవీసీ పైపు వేయించండి. అందం కొంత తగ్గుతుంది, కానీ రెండేళ్ళ తర్వాత బల్ల జరిపినప్పుడు ప్లగ్గు కూడా జరపగలరు.

కరెంటు రాని చోటైతే సోలార్. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. ఆ ఫ్యాను పది గంటలు, 9 వాట్ల బల్బులు మూడు అయిదేసి గంటలు వేసుకుంటే రాత్రికి దాదాపు 435 వాట్-అవర్లు. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీలో 1200 ఉంటాయి, సగం వరకే తోడాలి. సరిపోతుంది. మామూలు ఫ్యానే పెడితే చాలదు. ఇక్కడ ఫ్యాను మీద పెట్టే అదనపు డబ్బు బ్యాటరీలో మిగులుతుంది.

చెమ్మ. కొత్త ప్లాస్టరింగ్ లోపలి తడి పోవడానికి నెలలు పడుతుంది. పచ్చి గోడకు లప్పం పెట్టి రంగు వేస్తే వానాకాలం రాగానే పొక్కులు లేస్తాయి. మొదటి ఏడు సున్నంతో సరిపెట్టుకోండి, గోడ ఊపిరి పీలుస్తుంది. మీరు కట్టింది మట్టిగోడ అయితే దాని మీద సిమెంటు పూత అసలు వద్దు. తడి లోపలే చిక్కుకుని మట్టి మెత్తబడుతుంది, పూత పలకలుగా ఊడుతుంది.

చెదలు. కర్రకు మన్ను తగలకూడదు. బీరువా కాళ్ళ కింద బండముక్కలు పెట్టండి, గోడకు అంగుళం ఎడంగా ఉంచండి. మట్టి గొట్టం గోడ మీద పాకడం కనబడాలంటే ఆ అంగుళం కావాలి.

అరలు, బండలు, మంచం

చెక్క గోడల మోజు తీరనివాళ్ళకు ఒక మాట. గోడకు చెక్క తొడిగితే వెనక ఏం జరుగుతోందో కనబడదు. చలిదేశంలో ఆ వెనక దూది నింపుతారు. మన దగ్గర తేళ్ళు నింపుకుంటాయి. మన పాత ఇళ్ళలో గోడ మందంలోనే గూళ్ళు వదిలేవారు. దీపానికొకటి, ఉప్పుకొకటి, ఉత్తరాలకొకటి. తొమ్మిదంగుళాల గోడలో నాలుగున్నర అంగుళాల లోతు గూడు హాయిగా వస్తుంది. కట్టేటప్పుడు వదలకపోతే, పగలగొట్టే బదులు కడప బండ అరలు బిగించండి. చెద పట్టదు, తడికి ఉబ్బదు, బరువుకు వంగదు. ఒకటే లోపం. అది సున్నపురాయి జాతిది కాబట్టి నిమ్మరసం, చింతపులుపు పడితే మచ్చ తేలుతుంది. అందుకే వంట గట్టుకు గ్రానైటు, అరలకు కడప. నేలకు తాండూరు బండో బేతంచెర్ల బండో దగ్గర్లో ఏది దొరికితే అది, వాటికీ పులుపు పడదు. తలుపు వైపు పదడుగులకు అంగుళం వాలు ఇప్పించండి, కడిగిన నీళ్ళు వాటంతటవే పోతాయి.

ప్లైవుడ్ కొనాల్సి వస్తే షాపువాడి మాట కాదు, షీటు మీది ముద్ర చూడండి. ఐఎస్ 303లో ఎంఆర్ అని ఉంటే గాలిలోని తేమకే ఆగుతుంది, బీడబ్ల్యూఆర్ అయితే తడికి ఇంకొంచెం తట్టుకుంటుంది. నీళ్ళు పడేచోట ఐఎస్ 710. పార్టికల్ బోర్డు సామాను వారం రోజులు మూసి ఉంచే పొలం గదిలోకి తీసుకురాకండి. ఒక్క ముసురుకే అంచులు ఉబ్బి, స్క్రూలు పట్టు వదులుతాయి. దేనికైనా మేకు బదులు స్క్రూ వాడండి, విప్పి మళ్ళీ బిగించుకోవచ్చు.

మంచం కింద సామాను పెట్టెలు కట్టించుకోమని అందరూ చెబుతారు, చిన్న గది కదా అని. పొలంలో నేనలా చెప్పను. మంచం కింద చీపురు దూరాలి, టార్చి వెలుగు అటు చివర దాకా పోవాలి. కట్లపాము రాత్రిపూట తిరిగే జీవి, నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. నేలమీద పడకలు అందంగా ఉన్నా మనకు కాళ్ళున్న మంచం, దోమతెర. దోమతెర అంచులు పరుపు కిందికి దోపాలి. తలుపు కింద వేలు దూరే సందు కూడా ఉండకుండా రబ్బరు పట్టీ కొట్టండి.

గ్యాసు గురించి క్లుప్తంగా. ఆ గ్యాసు గాలికంటే బరువు, కారితే నేల మీద పరుచుకుంటుంది. పైన కిటికీ ఉన్నంత మాత్రాన పోదు. గట్టు కింద, నేలకు ఆనుకుని బయటికి ఒక జల్లెడ రంధ్రం ఉండాలి. సిలిండరు నిలువుగా, స్టవ్వు కంటే కింద. గొట్టం అయిదేళ్ళకోసారి మార్చాలి. గొట్టం మీద తేదీ ఉంటుంది.

ఏం తేవాలో కంటే

ఇంట్లో పాతబడినవన్నీ పొలం గదికి పంపడం మనకో అలవాటు. కాలు విరిగిన కుర్చీ, మూత లేని ప్రెషర్ కుక్కరు, ఎవరో ఇచ్చిన గోడగడియారం. ఆరు నెలల్లో గది గోదాము అవుతుంది, మీరు బయట వేపచెట్టు కింద కూర్చుంటారు. థోరో బల్ల మీద మూడు సున్నపురాళ్ళుండేవట. వాటి దుమ్ము రోజూ దులపాలని గ్రహించి కిటికీలోంచి పారేశాడు. ఒకావిడ కాళ్ళు తుడుచుకునే పట్టా ఇస్తానంటే, దాన్ని దులిపే తీరిక లేదని తీసుకోలేదు. అంత పట్టుదల మనకక్కర్లేదు, మన ఎర్రమట్టికి పట్టా కావాలి. కానీ ఆయన అడిగిన ప్రశ్న సరైనదే. ప్రతి వస్తువూ మీ చేత కొంత పని చేయిస్తుంది. వారానికి రెండు రోజులు ఉండే గదిలో ఆ పనికి ఎంత సమయం ఇవ్వగలరు?

నేనైతే గుమ్మం దగ్గర ఒక నియమం పెడతాను. లోపలికి వచ్చే వస్తువుకు సుద్దగీతల్లో చోటుండాలి. గీత లేకపోతే, నెల ఆగి ఇంకా కావాలనిపిస్తే అప్పుడు రావచ్చు. ఎవరైనా ఆప్యాయంగా ఇచ్చినప్పుడు ఈ నియమం చెప్పడం కష్టమే. అత్తగారు ఇచ్చిన గోడగడియారానికి సుద్దగీత అడగకండి, తగిలించేయండి.

ఆదివారం సాయంత్రం బయల్దేరేటప్పుడు చేయవలసినవి కూడా లోపలి అమరికలో భాగమే. మెయిన్ స్విచ్, సిలిండరు వాల్వు రెండూ తలుపు నుంచి నాలుగడుగుల్లో ఉంటే మరచిపోరు. పరుపు చుట్టి తాడుతో దూలానికి వేలాడదీయడానికి ఒక కొక్కెం ముందే బిగించండి, ఎలుకలకు అందదు. బియ్యం, పప్పులు మూత బిగిసే డబ్బాల్లో ఉండాలి. ఒక కిటికీ జల్లెడ తలుపుతో తెరిచి వదలండి, మూసిన గదిలో బూజు వాసన పట్టకుండా. తాళంచెవి ఒకటి పక్క పొలం వాళ్ళ దగ్గర ఉంచండి. గాలివానకు రేకు లేస్తే ముందు చూసేది వాళ్ళే.